గాడిద తరపు బావ

ఆ రోజుల్లో మా విడపనకల్లు వైపు మగవాళ్ళకు ఆకాశాన్ని చూడడం ఒక ఉద్యోగం. పొద్దున్నే వేపపుల్ల నోట్లో పెట్టుకుని తూర్పు చూసేవారు, మధ్యాహ్నం అరుగు మీద వెల్లకిలా పడుకుని నడినెత్తిన చూసేవారు, సాయంత్రం పడమర చూసి ఎవరో ఒకరు "రేపొస్తాది లేప్పా" అని తువ్వాలు దులుపుకుని లేచిపోయేవారు. రేపు మాత్రం తప్పకుండా వచ్చేది. వాన రాలేదు. ఇప్పుడు నాకు అరవై దాటాయి, బుక్కరాయసముద్రంలో మేడ మీద గదిలో కూర్చుని ఇది రాస్తున్నాను, ఈ యేడు కూడా అదే కథ. నా ఈడువాళ్ళు ఒక్కొక్కరే రాలిపోతున్నారు. ఫోనులో పేర్లు అలాగే ఉన్నాయి, ఎత్తే మనుషులు లేరు. ఇంతకాలం బతికి ఏం సంపాదించావయ్యా అని ఎవరైనా అడిగితే (ఎవరూ అడగరు, అది వేరే సంగతి) మనుషుల్ని సంపాదించానని చెబుతాను. ఆ మనుషుల్లో అందరికన్నా గట్టివాడు నాకు ఒక గాడిద వల్ల దొరికాడు. ఆయన మొన్న పోయాడు. అందుకే ఈ రాత.

నేను అనంతపురంలో డిగ్రీ పూర్తి చేసి, ఉద్యోగం దొరక్క, పెట్టె నెత్తిన పెట్టుకుని ఊరికి తిరిగొచ్చిన సంవత్సరం అది. అప్పటికే వరసగా పంటలు పోయి ఊళ్ళో సగం ఇళ్ళకు తాళాలు పడ్డాయి. మిగిలిన సగంలో మేమున్నాం. మా నాయన మాట తక్కువ మనిషి. మృగశిర కార్తె పోయింది, ఆరుద్ర పోయింది, ఒకనాడు ఎద్దులకు ఎండిన కంది కట్టె వేస్తూ నా మొహం చూడకుండా అన్నాడు: "పునర్వసులో గూడా పదును కాకుంటే ఈటిని అమ్మేస్తాను. అందరం బెంగుళూరు పోదాం." అంతే. అమ్మ చేటలో రాళ్ళు ఏరుతోంది, ఏరుతూనే ఉంది, చేటలో గింజలు అయిపోయిన తర్వాత కూడా ఏరుతూనే ఉంది. వాన వస్తే ఊళ్ళో ఉంటాం, రాకపోతే గుంతకల్లులో రైలెక్కుతాం. మా ఇంటి ముందు ఉన్న లెక్క అదొక్కటే.

అప్పుడు పెద్దమనుషులు రచ్చకట్ట దగ్గర కూర్చుని తేల్చిందేమిటంటే, గాడిదలకు పెళ్ళి చేయాలని. కప్పలకు చేద్దామంటే ఊళ్ళో కప్పలు లేవు, కప్ప బతకాలన్నా కాస్త తడి ఉండాలి కదా. నేను డిగ్రీ చదివినవాణ్ణి కనక లేచి నిలబడి, ఋతుపవనాల గురించి, అల్పపీడనం గురించి, మా నేల పడమటి కొండల నీడలో పడడం గురించి పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. అందరూ శ్రద్ధగా విన్నారు. విన్న తర్వాత మా దాసరి తాత (ఊళ్ళో పెళ్ళికైనా దినానికైనా మంత్రం ఆయనదే) మెల్లగా అన్నాడు: "బాగా చెప్పినావు నాయనా. ఇంత తెలిసినోడివి, ఆడపిల్ల తరపున నువ్వే కూచో."

ఇందులో ఒక చిక్కుంది. పెళ్ళికూతురు మా ఊళ్ళో బట్టలుతికే అవ్వది. అవ్వ మొగుడు పోయిన మనిషి, పీటల మీద కూర్చోకూడదు. పెళ్ళాం ఉన్న ప్రతి మగాడూ వెనక్కి తగ్గాడు, ఎందుకంటే గాడిదకు కన్యాదానం చేసినవాణ్ణి ఊరు రేపట్నుంచి ఏమని పిలుస్తుందో అందరికీ తెలుసు. తండ్రి లేని పిల్లకు అన్న నిలబడి పెళ్ళి చేయొచ్చు, అన్నకు పెళ్ళి కాకపోయినా దోషం లేదని దాసరి తాత అప్పటికప్పుడు ఒక శాస్త్రం కనిపెట్టాడు. నేను నాయన వైపు చూశాను. వద్దంటాడేమోనని నా ఆశ. ఆయన నేల చూపులు చూస్తూ, "పోనీలేరా, వానొస్తే మేలే గదా" అన్నాడు. జన్మలో నమ్మకం లేని విషయానికి ఆయన తలూపడం అదే మొదటిసారి చూశాను. ఆ తలూపుడుకే నేను అన్ననైపోయాను.

పెళ్ళికొడుకు వంక అవతలి ఊరివాడు. (మా రెండు ఊళ్ళ మధ్య ఒక వంక ఉండేది. అందులో నీళ్ళు పారగా చూశామని చెప్పేవాళ్ళు అప్పటికే ముసలివాళ్ళు.) గాడిద అసలు యజమాని బళ్ళారికి కూలికి పోతూ దాన్ని పక్కింటి కుర్రవాడికి అప్పజెప్పి వెళ్ళాడు. ఆ కుర్రవాడు మగపెళ్ళివారి పెద్దగా, పెళ్ళికొడుక్కి అన్నగా వచ్చాడు. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద, నల్లగా, ఎత్తుగా, చినిగిన చొక్కా మీద కొత్త తువ్వాలు. గుంతకల్లు గూడ్సు షెడ్డులో మూటలు మోసి మోసి, ఇంజన్ల రొదలో మాట్లాడడం అలవాటై, చెవిలో చెప్పాల్సిన రహస్యం కూడా రెండు వీధులకు వినిపించేట్టు చెప్పేవాడు. అందుకే అందరూ రైలన్న అనేవారు. వాళ్ళది కిరస్తానీ కుటుంబం, ఆదివారం తప్పకుండా గుడికి వెళ్ళే మనిషి. మా వాళ్ళెవరో "నీకిదంతా పనికొస్తాదా అప్పా?" అని అడిగితే, "మేం ఆదివారం అడిగినాం, మీరు శనివారం హనుమంతరాయున్ని అడిగినారు. ఇద్దురికీ తీరిక లేనట్టుండాది. గాడిదినన్నా అడుగుదాం పాండి" అన్నాడు, ఆ గొంతుతోనే. పక్క వీధిలో ఎవరో నవ్వారు.

పెళ్ళి బాగానే మొదలైంది. గాడిదలకు పసుపు రాశారు, బాసికాలు కట్టారు, పెళ్ళికూతురికి మా అమ్మ తన పాత చీరలో ముక్క కప్పింది. పెళ్ళికొడుకు కాళ్ళు కడగడం ఆడపిల్ల అన్న పని. నా చేతికి చెంబు ఇచ్చారు. చెంబు ఒంచగానే ఆడవాళ్ళు గొల్లుమన్నారు: "మెల్లిగప్పా, మెల్లిగ! నీళ్ళు!" ఒకామె పరుగున వచ్చి గాడిద కాళ్ళ కింద పళ్ళెం పెట్టింది, కడిగిన నీళ్ళు పెళ్ళికూతురు తాగడానికి. నేను ఒక్కో చుక్కా లెక్కపెట్టినట్టు పోస్తుంటే పెళ్ళికొడుక్కి చక్కిలిగింత పుట్టిందో కోపమొచ్చిందో, వెనక కాలితో నా మోకాలి మీద ఒక్కటి ఇచ్చాడు. నేను పళ్ళెంలో పడ్డాను. రైలన్న నన్ను రెక్క పట్టుకుని లేపి, ఎంతో గంభీరంగా, "మా తమ్ముడికి కోపమెక్కువ, మనసు మంచిది. ఏమీ అనుకోవద్దు బామ్మర్దీ" అన్నాడు. ఆయన నన్ను ఆ మాటతో పిలవడం అదే మొదలు. ఆ తర్వాత ఇంకో పేరుతో పిలవనే లేదు.

తాళి కట్టే సమయానికి పెళ్ళికొడుకు కనిపించలేదు. చూస్తే పందిరి గుంజ దగ్గర నిలబడి పందిరి తింటున్నాడు. ఆ పందిరికి కప్పిన కానుగ మండలు ఎక్కడో దూరపు తోట నుంచి బండి మీద తెచ్చినవి, ఆ రోజు మా ఊళ్ళో పచ్చగా ఉన్నది అదొక్కటే. పెళ్ళికూతురు కూడా వెళ్ళి అవతలి వైపు నుంచి మొదలుపెట్టింది. పిల్లకాయలు కేకలేశారు, మేళగాళ్ళు ఊదడం ఆపి నవ్వారు, దాసరి తాత కర్ర ఎత్తాడు. అప్పుడు మా నాయన ముందుకొచ్చి ఆ కర్ర పట్టుకున్నాడు. "తిననీ తాతా. పెండ్లి రోజన్నా కడుపునిండా తిననీ" అన్నాడు. నవ్వుతున్నవాళ్ళంతా ఆగిపోయారు. ఎవరి కొట్టంలో వాళ్ళ పశువులు అందరికీ గుర్తొచ్చాయి. పందిరి మొత్తం అయిపోయేదాకా ఊరంతా నిలబడి చూసి, ఎండలో తాళి కట్టించాం.

ఆ సాయంత్రం ఒక మబ్బు వచ్చింది. అబద్ధం కాదు, నిజంగానే వచ్చింది. చల్లగాలి తోలింది, మట్టివాసన కూడా వచ్చిందని అమ్మ ఒట్టేసింది. నాయన పంచె ఎగ్గట్టి విత్తనాలు వేసే గొర్రు బయటికి తీశాడు. మబ్బు మా ఊరి మీదుగా నింపాదిగా సాగి, కర్ణాటక సరిహద్దు దాటి, బళ్ళారి వైపు ఎక్కడో కురిసింది. నాయన గొర్రును మళ్ళీ లోపల పెట్టి తలుపు దగ్గరకు వేసిన చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

అత్తగారింటికి పంపిన పెళ్ళికూతురు రెండో రోజే తాడు తెంచుకుని మా ఊరికి వచ్చేసింది. వెనకే రైలన్న, వంక దాటి, చెమటలు కక్కుతూ: "ఏం బామ్మర్దీ, మా మరదలు ఈడికి వచ్చిందా?" బట్టలుతికే అవ్వ నడుముకు చేతులు పెట్టుకుని వీధిలోకొచ్చింది. "నా బిడ్డను ఎండలో కట్టేసినారంట! కుడితి లేదు, గడ్డి లేదు, ఇదేనా మీ మర్యాద?" అని గంటసేపు దులిపేసింది. రైలన్న నవ్వకుండా తలొంచుకుని, "తప్పే అవ్వా, మాయే తప్పు, ఇంగ చూసుకుంటాం" అన్నాడు. వియ్యాలవారింటి నుంచి వచ్చిన మనిషిని తిండి పెట్టకుండా పంపితే ఊరంతటికీ అవమానం. ఆ వచ్చిన మనిషి పెళ్ళికూతురి అన్న ఇంటికే రావాలి. అంటే మా ఇంటికే. అమ్మ సంగటి ముద్ద పెట్టింది. మరో నాలుగు రోజులకు గాడిద మళ్ళీ వచ్చింది, రైలన్న మళ్ళీ వచ్చాడు, అవ్వ మళ్ళీ దులిపింది. అలా ఎన్నిసార్లో. రాను రాను నేను అరుగు మీద కూర్చుని చూసేది మబ్బు కోసం కాదు, ఆ గాడిద కోసం. గాడిద వస్తే వెనకే ఆ గొంతు వస్తుంది, ఆ గొంతు వస్తే చచ్చిన వీధిలో కాస్త మనుషుల సందడి పుడుతుంది.

ఒకనాడు ఇంట్లో పిండి లేదు. రైలన్న వాకిట్లో కాళ్ళు కడుక్కుంటున్నాడు (అరచెంబు నీళ్ళతో). అమ్మ లోపలికి వెళ్ళి, దూలానికి వేలాడదీసిన మూట దించింది. అది విత్తనాల మూట. పదునైతే విత్తడానికి, పస్తులున్నా ముట్టకుండా దాచిన చెనిక్కాయలు. మూకుట్లో పోసి వేయిస్తుంటే ఆ వాసన బయటికి వచ్చింది. నాయన గడపలో నిలబడి చూశాడు. విత్తనం పొయ్యెక్కడం చూసి కూడా ఆయన ఏమీ అనలేదంటే ఇక వాన మీద ఆశ వదిలేశాడని నాకు తెలిసిపోయింది. రైలన్నకూ తెలిసింది. వేయించిన కాయలు ముందు పెడితే, ఆయన చేత్తో పట్టుకుని చాలాసేపు తినకుండా కూర్చున్నాడు. "అత్తా, ఈటిని పెట్టినావే" అన్నాడు, జీవితంలో మొదటిసారి మెల్లగా. "తినప్పా. మన్నులో ఏసి ఎండబెట్టేదానికన్నా మనిషి కడుపులో పడితే మేలు" అంది అమ్మ.

పునర్వసు కూడా పోయింది. రెండు ఊళ్ళవాళ్ళూ వంకలో కూర్చున్నారు. ఆడపిల్ల కాలు మంచిది కాదని వాళ్ళు, మగపిల్లవాడు పందిరి తిన్న దరిద్రుడని మేము. పెళ్ళి రద్దు చేసి ఎవరి గాడిదను వాళ్ళు తోలుకుపోదామని కొందరన్నారు. దాసరి తాతకు కోపమొచ్చింది. "వాన కోసరం చేసినాం, నిజమే. వాన రాలేదు, అదీ నిజమే. అట్లని పెండ్లి పెండ్లి కాకుండా పోతాదా? మీ ఇండ్లల్లో పెండ్లిండ్లన్నీ అనుకున్నది జరిగినందుకే నిలిచినాయా?" అని అడిగాడు. పెళ్ళాలున్నవాళ్ళెవరూ తల ఎత్తలేదు. పెళ్ళి నిలిచింది. అవ్వ కూడా కూతురి దగ్గరికి బెంగుళూరు పోతుండడంతో, గాడిదను శాశ్వతంగా రైలన్న తోలుకుపోయాడు. "మీరు నిమ్మళంగా పోండి. మా మరదలు మా ఇంట్లో ఉంటాది" అన్నాడు.

ఎద్దులను సంతలో అమ్మి వచ్చిన రోజు నుంచి నాయన మాట్లాడడం పూర్తిగా మానేశాడు. గుంతకల్లు స్టేషన్లో మూటల మీద కూర్చుని, పట్టాల వైపు చూస్తూ ఉండిపోయాడు. మమ్మల్ని పంపడానికి ఊళ్ళో ఎవరూ లేరు, అందరూ మాకంటే ముందే వెళ్ళిపోయారు. అంతలో ప్లాట్‌ఫారం ఆ చివర నుంచి, ఆగిన ఇంజన్‌ను మించిన గొంతు: "బామ్మర్దీ!" చేతిలో జొన్నరొట్టెల మూట. "ఆడపిల్ల తరపోళ్ళు ఊరు ఇడ్సి పోతాంటే ఉత్తచేతుల్తో పంపితే మా ఊరికి నామర్ద" అన్నాడు. రైలు వచ్చింది. జనరల్ పెట్టెలో కాలు పెట్టే చోటు లేదు. రైలన్న అమ్మను, మూటలను, నన్ను కిటికీలోంచీ తలుపులోంచీ తోస్తూ అరిచాడు: "జరగండప్పా! మా అత్తామామ ఊరికి పోతాండారు!" ఒకాయన విసుక్కుంటూ, "నువ్వు అల్లుడివా?" అన్నాడు. "అల్లుడికి అన్నను!" "మరి అల్లుడు యాడప్పా? అత్తామామను ఎక్కించేకి రాల్యా?" రైలన్న తడుముకోకుండా, "వాడు గాడిదప్పా, ఊళ్ళో మేస్తాండాడు" అన్నాడు. పెట్టెలో ఉన్న జనమంతా ఘొల్లున నవ్వారు. తిట్టనుకున్నారు పాపం. నాయన వాళ్ళకంటే గట్టిగా నవ్వాడు. మూట మీద కూర్చుని, పొట్ట పట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. నవ్వు ఆగింది, నీళ్ళు ఆగలేదు. గుత్తి దాటేదాకా ఏడుస్తూనే ఉన్నాడు. ఎద్దులు పోయాక ఆయన ఏడవగలిగింది ఆ రోజే. పక్కన కూర్చున్నామె, ఎవరో ఏమో, మాకు చోటిచ్చింది. బెంగుళూరులో దిగాక మాకు మొదటి కూలి పని చూపించింది కూడా ఆమే.

తర్వాత బతుకంతా అలాగే గడిచింది. నాయన మళ్ళీ సొంత మడక పట్టి దున్నలేదు. ఏదో ఒక పునాది గుంతలో మన్ను ఎత్తుతూనే ముసలివాడయ్యాడు. నాకు చాలా ఏళ్ళకు అనంతపురంలో చిన్న ఉద్యోగం దొరికింది. ఏ సంవత్సరమూ మా నేల మమ్మల్ని వెనక్కి పిలవలేదు. రైలన్న మాత్రం దేన్నీ వదల్లేదు. నా పెళ్ళికి వచ్చి, మగపెళ్ళివారి వరసలో తనకు బట్టలు పెట్టలేదని అలిగి, విడిది గదిలో కూర్చున్నాడు (మా ఆవిడ ఇప్పటికీ ఆ అలక గురించి చెబుతుంది). ఆయన పెళ్ళాం మొదటిసారి నన్ను చూసినప్పుడు, "ఆ గాడిద నీకు చెల్లెలయితే నేను నీకు ఏమి కావల్లప్పా?" అని నిలదీసింది. అక్కవి అన్నాను. ఆ రోజు నుంచి ఆమె నిజంగానే అక్కయింది. నాయన పోయినప్పుడు పాడెకు ముందు భుజం ఆయనే ఇచ్చాడు. మంచి జరిగినప్పుడు పిలవకపోయినా వచ్చేవాడు, చెడు జరిగినప్పుడు నాకంటే ముందే వచ్చేవాడు. రక్తం పంచుకున్నవాళ్ళు లెక్కలు చూసుకుని దూరమైపోయారు. గాడిద పంచుకున్నవాడు దూరం కాలేదు. ఆయనకు నేనేం చేశానని వెతికితే, తిరిగి ఇచ్చింది పెద్దగా ఏమీ కనిపించదు. ఆ కృతజ్ఞత కూడా ఎదురుగా ఏనాడూ చెప్పలేదు. మా వైపు మగవాళ్ళకు ఆ మాట గొంతు దాటదు.

మొన్న ఆయన కూతురు ఫోను చేసింది. "మామా, నాయన పోయినాడు. నువ్వొచ్చినాకనే పెట్టె దించల్లని చెప్పి పోయినాడు. బిన్నే రా." బస్సు దొరకలేదు, దొరికిన బస్సు దారిలో చెడిపోయింది. నేను వంక దాటి సమాధుల తోట చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. గుంత పక్కన పెట్టె, దాని చుట్టూ జనం, అంతా నాకోసమే కాచుకుని ఉన్నారు. అక్క సొంత తమ్ముళ్ళు ముగ్గురూ మండిపడుతున్నారు: "ఏమక్కా, బామ్మర్దులం మేం ఈడ నిలబడుకోనుండాం గదా. ఇంగెవురో బామ్మర్ది వచ్చేదాకా శవాన్ని ఎండబెడతావా?" అక్క చెంగుతో మొహం తుడుచుకుని, "మీరు నాతోపాటు వచ్చినోళ్ళప్పా. ఆయప్ప సొంతంగా సంపాదించుకున్న బామ్మర్ది ఈయప్ప ఒగడే" అంది. పాస్టరు గారు కుర్రవాడు, కొత్తగా వచ్చినట్టున్నాడు. నన్ను ముందుకు పిలిచి, "మీరు ఏ తరపు బంధువండీ?" అని అడిగాడు. నేను నోరు తెరిచాను. గాడిదతో మొదలుపెట్టాలా, వానతోనా, పందిరితోనా అని వెతుక్కుంటున్నాను. వెనక నుంచి ఎవరో ముసలాయన, "గాడిద తరపు సామీ!" అన్నాడు. పాస్టరు గారి మొహం చూసి ఒకరు నవ్వారు, ఇద్దరు నవ్వారు, ఏడుస్తున్న అక్క కూడా నవ్వింది. నేను మాత్రం అప్పుడే ఏడవడం మొదలుపెట్టాను. పిడికెడు మట్టి తీసి వేయబోతే అందులో తడి అన్నది లేదు, సగం పెట్టె మీద పడకుండా గాలికి పోయింది. ఇంకో పిడికెడు వేశాను. అదీ పోయింది. చివరికి గుంత అంచున మోకాళ్ళ మీద కూర్చుని, చెయ్యి లోపలికి చాచి వేశాను.

తిరిగి వస్తూ విడపనకల్లు దాకా ఆటో ఎక్కాను. దారి పొడుగునా బీడు నేలలు, ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. ఇక ఈ లోకంలో నన్ను బామ్మర్దీ అని పిలిచే గొంతు లేదని అప్పుడు తెలిసింది, రెండు వీధులకు వినిపించే ఆ గొంతు. ఆటో నడిపే కుర్రవాడు పాట పెద్దగా పెట్టుకుని, అద్దంలో నా బట్టలు చూసి, "ఏమన్నా, అంతా మన్నే, యాడికి పోయొస్తాండావు?" అని అరిచాడు. "మా బావ పోయినాడప్పా" అన్నాను. "అయ్యో. సొంత బావనా?" ఆ పెళ్ళి నాడు పీటల మీద, అనంతపురం స్నేహితులు ఎవరైనా చూస్తే పరువు పోతుందని తువ్వాలుతో మొహం కప్పుకుని కూర్చున్న నేనే కళ్ళ ముందుకొచ్చాను. ఎవరైనా అడిగితే ఈ ఊరితో నాకేం సంబంధం లేదని చెబుదామని ఒక అబద్ధం కూడా సిద్ధం చేసుకుని కూర్చున్నాను, వెర్రివాణ్ణి. నవ్వొచ్చింది. "సొంత బావే" అన్నాను. కుర్రవాడు చెయ్యి చాచి పాట ఆపేశాడు.